హెఫే వీధుల్లో వంటల సావిత్రమ్మ

హాలియా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే పంతులు దగ్గరికి ఎంత తొందరగా పోతారో, సావిత్రమ్మ ఇంటికీ అంత తొందరగానే వస్తారు. పప్పుచారు కానీ, పచ్చిపులుసు కానీ, వెయ్యి మందికి వండినా ఇంట్లో నలుగురికి వండినట్టే ఉంటుందని ఆమెకు పేరు. పుట్టిల్లు కేతేపల్లి. హాలియాలో రైసుమిల్లు హమాలీ ఐలేశానికిచ్చి చేశారు. బస్తాలు మోసి మోసి ఐలేశం నడుము పట్టుకుపోయిన ఏడు, పక్కింటి వాళ్ల పురుడు భోజనాలకు సాయం పోయిన సావిత్రమ్మ ఇక పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. ఆ పొయ్యి మీదే కూతురు రమను చదివించింది, పెళ్లి చేసింది, మనవరాలు వర్షితకు కాళ్లకు పట్టీలు చేయించింది.

ఊరందరికీ వండే మనిషి తాను మాత్రం కుదురుగా కూర్చుని తినేది కాదు. పొద్దంతా పొగ మింగిన కడుపులో ఆకలి ఎప్పుడో చచ్చిపోయేది. బంతులన్నీ లేచాక, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో ఇంత చారు పోసుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగేది. ఇంటి దగ్గర కూడా అంతే. రమ కంచం పెట్టి పిలిస్తే, "నువ్వు తిను బిడ్డా, నాకు వాసనకే కడుపు నిండింది" అనేది.

అలాంటి మనిషికి యాభై దాటాక చైనా ప్రయాణం తగిలింది.

సంగతేమిటంటే, బియ్యంలోంచి నల్లగింజల్నీ రాళ్లనూ కంటితో చూసినట్టే ఏరి పారేసే మిషన్లు చైనాలోని హెఫే అనే నగరంలో తయారవుతాయి. కొత్తరకం మిషన్లు చూసి రావడానికి మిల్లుల సేట్లు ఒక జట్టుగా బయల్దేరారు. వాళ్లకు పెద్ద బాలకృష్ణ సేటు. ఆయన అంతకుముందొకసారి ఆ దేశం పోయి, ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని అరటిపళ్లతో, బిస్కెట్లతో రోజులు గడిపి, చిక్కి సగమై తిరిగొచ్చాడు. అందుకని ఈసారి సావిత్రమ్మ ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు గూడ రావాలె సావిత్రమ్మా. నువ్వు రాకుంటే మేమందరం ఆడ ఉపాసముండాలె."

సేటు అటు పోగానే ఐలేశం లేచాడు. "పట్నం పోతేనే తలకాయ తిరుగుతాందంటవ్. చైనల ఏం జేస్తవే నువ్వు?"

"ఏం జేస్త? వంట జేస్త. పొయ్యి యాడున్నా పొయ్యే గద."

కరోనాకు ఏడాది ముందు, తంగేడు విరగబూసే రోజుల్లో, చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు, సన్నబియ్యం మూటలు కట్టుకుని సావిత్రమ్మ విమానమెక్కింది.

హెఫేలో దిగిన హోటలు వాళ్లు తమ వంటగదిలో ఒక మూల పొయ్యి ఆమెకిచ్చారు. అక్కడే పరిచయమైంది మెయ్. ఆ వంటగదిలో కూరగాయలు తరిగే ఆమె. సావిత్రమ్మకన్నా ఒకటి రెండేళ్లు పెద్దదై ఉంటుంది. పొట్టి మనిషి, కత్తిరించిన జుట్టు, చేతిలో గొడ్డలంత కత్తి. ఆ కత్తితోనే అల్లాన్ని దారాల్లా సన్నగా తరిగేది. మొదటిరోజు సావిత్రమ్మ ఎండుమిరపకాయల తాలింపు వేయగానే వంటగదిలో వాళ్లంతా దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. మెయ్ ఒక్కతే కళ్లనీళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ నిలబడి గిన్నెలోకి తొంగిచూసింది. కాసేపటికి తన గిన్నెలోంచి ఏదో ఆకుకూర తెచ్చి సావిత్రమ్మ ముందు పెట్టి, "చీ! చీ!" అంది.

సావిత్రమ్మ మొహం మాడిపోయింది. కూర తెచ్చిచ్చి ఛీ అంటుందేమిటీమె? అప్పుడు మెయ్ తన ఫోను తీసి దానితో ఏదో చెప్పింది. ఫోను హిందీలో పలికింది. సంతలో గాజుల సాయబు దగ్గర, బట్టల దుకాణాల దగ్గర నేర్చిన ఉర్దూ సావిత్రమ్మకు ఆ పూట అక్కరకొచ్చింది. వాళ్ల భాషలో "చీ" అంటే తినమని అర్థమట. ఇద్దరూ పొయ్యిగట్టు పట్టుకుని నవ్వారు. సావిత్రమ్మ పేరు మెయ్ నోట తిరగక "సావీ" అయింది. మెయ్ పేరు సావిత్రమ్మ నోట "మెయ్యక్క" అయింది.

మూడు పూటలా వంట, నడుమ గిన్నెలు, రాత్రికి నిద్ర. సేట్లు పొద్దున్నే బస్సెక్కి మిషన్ల కంపెనీలకు పోయేవాళ్లు. సావిత్రమ్మ చూసిన చైనా అంతా ఆ వంటగది కిటికీలోంచి కనబడే గోడ, గోడ మీదుగా ఒక చెట్టుకొమ్మ. అంతే.

ఒకరోజు మిషన్ల కంపెనీ వాళ్లు సేట్లకు పెద్ద విందు ఏర్పాటు చేశారు. సాయంత్రం వంట లేదు.

"గదిల జర పండుకో సావిత్రమ్మా. బయటికి పోకు, తప్పిపోతవ్" అని చెప్పి బాలకృష్ణ సేటు కోటు సర్దుకుంటూ పోయాడు.

గదికి పోదామని వంటగది తలుపు దాటుతున్న సావిత్రమ్మ కొంగును ఎవరో పట్టుకున్నారు. చూస్తే మెయ్. పని బట్టలు విప్పేసి ఎర్రటి గళ్ల చొక్కా వేసుకుంది. ఫోను హిందీలో అంది: "చెల్లీ, నా పని అయిపోయింది. ఊరు చూపిస్తాను, రా."

సేటు మాట సావిత్రమ్మకు గుర్తుంది. అయినా కాళ్లు చెప్పుల్లో దూరాయి. భుజాల మీద శాలువా కప్పుకుని, మెయ్ వెనకాలే వెనకవాకిలి గుండా బయటపడింది.

బయట అడుగుపెట్టగానే ముందు తగిలింది వాసన. మాగిన సీతాఫలాల గంప పక్కన ఎవరో పొగడపూలు కుప్పపోసినట్టు. ఎక్కణ్నుంచి వస్తుందో తెలియదు. నాలుగడుగులు వేస్తే పోతుంది, మలుపు తిరగ్గానే మళ్లీ వచ్చి మీద పడుతుంది. సావిత్రమ్మ ముక్కెగరేసి చుట్టూ చూస్తుంటే మెయ్ దారి పక్క చెట్టును చూపించింది. ముదురాకుల నడుమ ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి పసుపుపచ్చటి పూలు. అంత చిన్న పూలకు ఊరిని ముంచేసే వాసన. అలాంటి చెట్లు ఆ దారి పొడుగునా ఉన్నాయి.

"గిప్పుడు మా తాన పూల పండుగ" అని ఫోనుకు చెప్పబోయి సావిత్రమ్మ ఊరుకుంది. వర్షిత ఈపాటికి తల్లితో కలిసి బతుకమ్మ పేర్చుకుంటూ ఉంటుంది. నాలుగైదు పూలు రాలి ఉంటే ఏరి కొంగున ముడేసుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది మెయ్. పొద్దు అప్పుడే వాలింది. అద్దానికి ఆవలినుంచి మేడలు ఒక్కొక్కటే దీపాలు తొడుక్కుంటూ వచ్చాయి. కొన్నింటి గోడల మీద చేపలు ఈదుతున్నాయి, కొన్నింటి మీద పూలు విచ్చుకుని వాడిపోయి మళ్లీ విచ్చుకుంటున్నాయి. ఇదంతా దీపాలతో చేసిందేనని తెలిసినా సావిత్రమ్మకు తాను మెలకువగా ఉన్నానో, వంటగదిలో గోడకానుకుని కునుకు తీస్తున్నానో అర్థం కాలేదు. చెయ్యి గిల్లుకుని చూసింది. మెయ్ అది చూసి తన చెయ్యీ గిల్లుకుంది, అదేదో వీళ్ల ఆచారమనుకుని.

దిగినచోట నీళ్లున్నాయి. పూర్వం కోట చుట్టూ తవ్విన కందకమట. ఇప్పుడు దాని గట్టంతా తోట. ముసలాళ్లు పంజరాల్లో పిట్టల్ని పెట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. నీళ్ల మీద తామరాకులు ఎండకు మాడిన విస్తళ్లలా వంగి ఉన్నాయి. వెనకటికి ఈ ఊళ్లో లంచం ముట్టని న్యాయాధికారి ఒకాయన ఉండేవాడనీ, ఆయనకు రాజిచ్చిన ఈ నీళ్లలో మొలిచిన తామరదుంపను విరిస్తే పీచు కూడా సాగదనీ, ఆయన మనసులో స్వార్థం లేనట్టే దుంపలోనూ పోగు లేదనీ ఫోను చెప్పింది. సావిత్రమ్మకు సగం అర్థమైంది. అర్థమైన సగానికే నీళ్లకు దండం పెట్టుకుంది.

ఆ దుంపనే తినిపించింది మెయ్, తోట దాటి అంగళ్ల వీధిలోకి రాగానే. తామరదుంపకు లోపల పొడుగునా తూట్లుంటాయి కదా, ఆ తూట్లలో బియ్యం కూరి, ఉడకబెట్టి, అడ్డంగా బిళ్లలు కోసి, పైన తేనె రంగు పాకం పోశారు. పాకంలో తేలుతున్నవి ఆ దారి పక్క పూలే. సావిత్రమ్మ బిళ్లను దీపం వైపు తిప్పి చూసింది.

"గీ సన్న తూట్లల్ల బియ్యం ఎట్ల వోసిన్రు తల్లీ!"

మాట అర్థం కాకపోయినా ప్రశ్న అర్థమైంది అంగడామెకు. పచ్చి దుంప ఒకటి తీసి, ఇన్ని నానిన బియ్యం పైనుంచి పోస్తూ పుల్లతో కూరి చూపించింది. సావిత్రమ్మ తల ఊపి బిళ్లను నోట్లో పెట్టుకుంది. తియ్యగా, మెత్తగా, నడుమ సన్నటి కరకర. పళ్ల కింద పూల వాసన. నమిలి మింగి, ఇంకొకటి అందుకుంది. అప్పుడు తెలిసింది, కడుపులో ఏదో కదిలింది. ఇదేంది, ఆకలా?

ఆకలే. పెళ్లయిన కొత్తల్లో నాట్లకు పోయి వచ్చినప్పుడు వేసేది, అలాంటి ఆకలి. ఆ వీధిలో తన చెయ్యి పడ్డ గిన్నె ఒక్కటీ లేదు. ఏ పొయ్యి కిందా తన పొగ లేదు. ఉప్పు తక్కువైతే మాట పడేది తాను కాదు. సావిత్రమ్మ మెయ్ చెయ్యి పట్టుకుని వీధి నడుమన చిన్నపిల్లలా నడిచింది.

ఇనప పీపాలో కాల్చిన కందగడ్డలు, అవే చిలగడదుంపలు, తిన్నారు, అచ్చం శివరాత్రి ఉపవాసం నాడు తినే కందగడ్డలే. తొక్క తీస్తే లోపల బెల్లంపాకం కారుతోంది. పుల్లకు గుచ్చి చక్కెరపాకంలో ముంచిన ఎర్రటి పండ్లు తిన్నారు. అవి పులుపో తీపో తేలేలోపే అయిపోయాయి. ఒకచోట మాత్రం మురిక్కాలువ పొంగినట్టు వాసన రాగానే సావిత్రమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. ఒకాయన నల్లటి ముక్కలు నూనెలో వేయిస్తున్నాడు. సోయాపాలను పన్నీరులా విరిచి పులియబెట్టి చేస్తారట.

"ఛీ! ఛీ!" అంది సావిత్రమ్మ, ఆపుకోలేక.

తినమంటోందనుకున్న అంగడాయన సంబరంగా ఒక గిన్నెడు ముక్కలు నింపి చేతికిచ్చాడు. మెయ్ నవ్వి నవ్వి పక్కనున్న స్తంభం పట్టుకుంది. ఇచ్చింది కాదనడం సావిత్రమ్మకు చేతకాదు. ముక్కు మూసుకుని ఒకటి నోట్లో వేసుకుంది. పైన కరకర, లోపల గట్టి పెరుగులా మెత్తన.

"వాసన లేకుంటే మంచిగనే ఉందక్కా" అని ఒప్పుకుంది.

ముందుకు పోయాక, నూడుల్స్ అంగడి దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. పిండిముద్దను ఒకతను రెండు చేతుల్తో మోకులా సాగదీస్తున్నాడు. మడిచి మళ్లీ సాగదీస్తే రెండు పోగులు, ఇంకోసారికి నాలుగు. చూస్తుండగానే అతని చేతుల నడుమ తెల్లటి దారాల జడ వేలాడింది. సావిత్రమ్మ రెప్ప వేయకుండా చూసి, "జూసినవా మెయ్యక్కా!" అని పక్కకు తిరిగింది.

మెయ్ లేదు.

వీధి నిండా మనుషులు. ఎటు చూసినా నల్లటి జుట్లు, వెలిగే బోర్డులు. ఒక్క అక్షరం చదవగలిగింది లేదు. ఫోను గదిలోనే ఉంది. హోటలు పేరు కూడా తెలియదు. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో బాపు వేలు వదిలిపెట్టి తప్పిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఆనాడు గొంతు పోయేదాకా ఏడ్చింది. ఇప్పుడు కూడా ఏడుపు రావాలి కదా అని చూసుకుంది. రాలేదు. పూల వాసన అక్కడికి కూడా వస్తోంది.

నూడుల్సతను ఆమెను చూశాడు. చీరనూ, బొట్టునూ, అటూ ఇటూ తిరిగే చూపునూ చూశాడు. చేతి పిండి దులుపుకుని, స్టూలొకటి లాగి పొయ్యి సెగ తగిలేచోట వేసి, గాజు గ్లాసులో వేడినీళ్లు పోసి ముందు పెట్టాడు. కూర్చోమన్నట్టు గడ్డం ఊపి మళ్లీ తన పిండి దగ్గరికి పోయాడు.

సావిత్రమ్మ కూర్చుంది. వేడినీళ్లు ఊదుకుంటూ తాగింది. మంట, ఆవిరి, గిన్నెల చప్పుడు, అవన్నీ ఆమె ఎరిగినవే. కానీ పొయ్యికి ఇవతల కూర్చుని, ఇంకొకరి చేతులు పని చేస్తుంటే ఊరికే చూడటం కొత్త. ఆవిరిలో ఆ మనిషి మొహం కనబడుతూ, మాయమవుతూ ఉంది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. కళ్లు తెరిచే ఉన్నా నిద్రలోకి జారినట్టుంది. తాను కేతేపల్లిలో తల్లి పొయ్యి ముందర కూర్చున్నట్టు, ఇంకా పెళ్లి కానట్టు, వాన పడుతున్నట్టు.

"సావీ!"

మెయ్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట, కళ్లలో నీళ్లు. వస్తూనే చైనా భాషలో దులిపేసింది. సావిత్రమ్మ కూడా ఊరుకోలేదు.

"నేను యాడికి వోయిన్నక్కా? నువ్వే వోయినవ్. నేను గీడనే ఉన్న!"

ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు ఒకరినొకరు తిట్టుకుని, అలసిపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నూడుల్సతను అడక్కుండానే రెండు గిన్నెలు తెచ్చి పెట్టాడు. సావిత్రమ్మ ముట్టుకోకుండా మెయ్ వైపు చూసింది. ఎద్దు మాంసం, పంది మాంసం తినదని మెయ్‌కి తెలుసు. ఫోను తీయడానికి ఓపిక లేక, మెయ్ రెండు మోచేతులూ రెక్కల్లా ఆడించి, "క్వాక్, క్వాక్" అంది. బాతు! చుట్టుపక్కల వాళ్లు తలలు తిప్పి చూశారు. సావిత్రమ్మ నవ్వీ నవ్వీ పొలమారి, తేరుకుని, తినడానికిచ్చిన పుల్లలు పక్కన పెట్టి చెంచాతో, వేళ్లతో ఆ గిన్నె ఖాళీ చేసింది. కూర్చుని. నిదానంగా. చివరి చుక్క దాకా. నూడుల్సతను డబ్బు పుచ్చుకోలేదు. సావిత్రమ్మ కొంగుముడి విప్పి చూపించిన పూలను చూసి నవ్వి, ఒక్క పూవు తీసుకున్నాడు.

తిరిగి వచ్చే దారిలో ఒక పెద్ద మైదానం. పాటల డబ్బా ముందు పాతికమంది ఆడవాళ్లు వరసల్లో నిలబడి ఆడుతున్నారు. అందరూ అమ్మమ్మలే. మెయ్ సంచి కింద పెట్టి రెండో వరసలో కలిసిపోయింది. రోజూ వచ్చే చోటేనని ఆమె అడుగుల్లోనే తెలిసింది. సావిత్రమ్మ ఒక పక్కన నిలబడి చూసింది. ఆ పాట ఆమెది కాదు, అడుగూ ఆమెది కాదు. అయినా కాసేపటికి చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టాయి. వంగి ఒకటి, లేచి ఒకటి. ఒక అడుగు పక్కకు.

మొదట వెనక వరసలోని ఒక ముసలామె చూసింది. చూసి, తానూ వంగి చప్పట్లు కొట్టింది. తర్వాత మెయ్ వచ్చింది. ఆ వెనక ఇంకో ఇద్దరు. బతుకమ్మ ఆటకు నడుమన ఏదైనా ఉండాలి కదా. వాళ్లు తెచ్చుకున్న సంచులు, టీ ఫ్లాస్కులు, స్వెట్టర్లు కుప్పగా ఉన్నచోటే గుండ్రంగా తిరిగారు. పాట ఆగిపోయాక సావిత్రమ్మ సన్నగా పాడింది. నాలుగు ముక్కలు పాడి సిగ్గుపడి ఆపేస్తే, వాళ్లు చప్పట్లు ఆపలేదు. మళ్లీ పాడింది. చీకటి పడ్డ ఆకాశం కింద, మేడల మీద దీపాల చేపలు ఈదుతుండగా, ఫ్లాస్కుల చుట్టూ ఆ ఊరి ఆడవాళ్లు వంగుతూ లేస్తూ తిరిగారు.

హోటలు ముందు దిగేసరికి బాలకృష్ణ సేటు గుమ్మంలోనే ఉన్నాడు. వెనకాల మిగతా సేట్లు.

"యాడికి వోయినవ్ సావిత్రమ్మా! గదిల లేవు, వంటింట్ల లేవు. మా పానం పోయింది!"

ఆమె జవాబు చెప్పేలోపే ఆయనే గొంతు తగ్గించాడు. "ఆ విందుల ఏమున్నది, నత్తగుల్లలు, కప్పకాళ్లు. ఒక్కరం ముట్టలే. జర ఇంత అన్నం, పచ్చిపులుసు..."

సావిత్రమ్మ వాళ్లందరినీ చూసింది. జాలేసింది, నవ్వూ వచ్చింది. "అన్నం వండుత. నేనైతే కడుపునిండ తినొచ్చిన. ఉల్లిగడ్డలు మీరు కొయ్యున్రి సేటు."

కోట్లు విప్పి చేతులు మడిచి సేట్లు ఉల్లిగడ్డలు కోశారు. మెయ్ తన పెద్ద కత్తి అప్పిచ్చి, కొయ్యడం రాని వాళ్లను చూసి తల కొట్టుకుంది.

ఊరికి వచ్చాక అందరూ అడిగారు, చైనాలో ఏం చూశావని. ఎత్తు మేడలన్నది, పూల వాసనన్నది. బాతులా అరిచిన మెయ్యక్క గురించి చెప్తే ఐలేశం నమ్మలేదు. "నిద్రల కలగన్నవే నువ్వు" అన్నాడు. వర్షిత తన ఫోనులో చైనా యాప్ ఒకటి పెట్టి మెయ్ గొంతు వినిపించాకే ఊరుకున్నాడు. ఏడాది పైగా అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మాటలు నడిచాయి. కరోనా మొదట్లో మెయ్ గొంతు కొన్నాళ్లు వినబడక సావిత్రమ్మ అన్నం సరిగా తినలేదు. మళ్లీ వచ్చింది, దగ్గుతూ, నవ్వుతూ. ఆ ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక, సర్కారు చైనా యాప్‌లను బంద్ పెట్టింది. ఆ దారి మూసుకుపోయింది. ఇంకో దారి ఏదైనా ఉందేమోనని వర్షిత చాలా వెతికింది. దొరకలేదు.

తర్వాత ఒకనాడు, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని ఊరంతా చెప్పుకుంటుంటే, సావిత్రమ్మ పొయ్యి మీది గిన్నె దించి ఐలేశం ముందు నిలబడింది.

"నందికొండకు పోదాం పా."

"ఎవరిదే పెండ్లి?"

"ఎవరిది లేదు. ఊకనే. జూసొద్దాం."

ఊకనే ఎక్కడికైనా పోవడమేమిటో ఐలేశానికి బోధపడలేదు. అయినా తువ్వాల భుజానేసుకుని బస్సెక్కాడు. పాతిక మైళ్ల లోపున, నందికొండలో ఉన్న ఆ సాగర్ డ్యాము దగ్గరికి సావిత్రమ్మ వంటలకు ఎన్నోసార్లు పోయింది కానీ, ఒడ్డుకు పోయి నీళ్లు చూసింది లేదు. ఆ సాయంత్రం చూసింది. తెల్లటి నీళ్లు పాలపొంగులా దూకుతున్నాయి, తుంపరలు కిలోమీటరు దూరం దాకా వచ్చి మొహాన పడుతున్నాయి. దీపాలు వేయగానే ఆ తుంపరలకు రంగులొచ్చాయి. గట్టు మీద వేడివేడిగా వేయించిన చేపముక్కలు కొనుక్కుని, ఒక బండ చూసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

ఐలేశం ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, పెదవి విరిచాడు. "ఉప్పు జర తక్కువైంది."

"అయితే అయింది, తిను" అంది సావిత్రమ్మ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.